బడిలో డ్యాన్స్ పీరియడా, గురువు దగ్గర క్లాసా? కూచిపూడి నేర్పించాలనుకునే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు బడిలో డ్యాన్స్ టీచర్‌ని. సాయంత్రాలు కాలనీలోని ఒక నాట్య సంస్థలో కూచిపూడి చెబుతాను. జూన్ వచ్చిందంటే రెండు చోట్లా తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్ లాంటి ఊళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. పల్లెల గురించి, విదేశాల్లో ఉన్నవాళ్ల గురించి చివర్లో ఉంది.

బడిలో ఎలాగూ డ్యాన్స్ నేర్పుతున్నారు. మళ్లీ విడిగా క్లాసుకు పంపాలా?

మీ పిల్లకు నాట్యం అంటే ఏమిటో తెలిస్తే చాలు అనుకుంటే బడి చాలు. నాట్యం రావాలంటే చాలదు.

పీరియడ్ 40 నిమిషాలు. పిల్లలు క్లాసులోంచి హాలుకు వచ్చి, బూట్లు విప్పి, వరసల్లో నిలబడేసరికే పది నిమిషాలు పోతాయి. మిగిలిన అరగంటలో నలభై మందిని చూడాలి. కూచిపూడిలో మొదట నేర్పేది అరమండి: మడమలు దగ్గరగా, పాదాలు చెరోవైపు, మోకాళ్లు పక్కలకు తెరిచి వంచి, వెన్ను నిటారుగా. చూడ్డానికి తేలికగానే ఉంటుంది. ఏడేళ్ల పిల్ల అందులో కూర్చోగానే నడుము వెనక్కి పోతుంది, మోకాళ్లు ముందుకు ముడుచుకుంటాయి, చూపు నేల మీదకు దిగుతుంది. నడుము సరిచేస్తే మడమ లేస్తుంది, మడమ సరిచేస్తే భుజాలు బిగుసుకుంటాయి. పక్కన నిలబడి ఒక్కొక్కటీ నెలల తరబడి సరిచేస్తూ పోతేనే అది ఒంటికి పడుతుంది. బడిలో ఒక్కో పిల్ల దగ్గర నిమిషం నిలబడే వీలు కూడా ఉండదు. అది టీచర్ చేతకానితనం కాదు. ఆ సంఖ్యతో, ఆ సమయంతో ఎవరున్నా జరిగేది అంతే.

అంటే బడిలో నాట్యం దండగ అంటారా?

ఎంతమాత్రం కాదు. నాకు బడి పీరియడ్ మీద ఉన్న గౌరవం చాలా ఎక్కువ. కారణం ఒక్కటే: అక్కడికి అందరూ వస్తారు.

సాయంత్రం క్లాసుకు ఎవరు వస్తారో చూడండి. ఫీజు కట్టగలిగినవాళ్లు, దింపి తీసుకెళ్లడానికి ఇంట్లో ఒక మనిషి ఖాళీగా ఉన్నవాళ్లు, నాట్యం అంటే ముందే ఇష్టం ఉన్న కుటుంబాలవాళ్లు. ఆటో నడిపే నాన్న, షాపులో రాత్రి తొమ్మిది దాకా నిలబడే అమ్మ ఉన్న పిల్ల ఆ గుమ్మం దాకా రాదు. బడిలో అయితే ఆ పిల్లా వరసలో ఉంటుంది. పైగా తాళం ఆ పిల్లకే ముందు పట్టుబడటం నేను చాలాసార్లు చూశాను. ఎవరూ నేర్పకుండానే "తకధిమి"కి, "తకిట"కి తేడా కాలితో చెప్పేస్తుంది. అలాంటి పిల్ల ఒకతి ఉందని ఊరికి తెలిసే చోటు బడి ఒక్కటే.

కాబట్టి నా మాట ఇది. ప్రతి పిల్లకూ నాట్యం రుచి చూపించడం బడి పని. ఇష్టపడ్డ పిల్లను అందులో నిలబెట్టడం గురువు పని. బడి తానే గురువు పని చేస్తానని బయల్దేరినా, నాట్య సంస్థ బడిలా గుంపు క్లాసులు నడిపినా పిల్లలే నష్టపోతారు.

మా బడిలో యాన్యువల్ డేకి మాత్రమే డ్యాన్స్ నేర్పుతారు. అది లెక్కలోకి వస్తుందా?

రాదు. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి.

డిసెంబరు వస్తుంది. బయటి నుంచి ఒక మాస్టర్‌ని పిలుస్తారు. మూడు వారాల్లో ఆరు ఐటమ్‌లు కావాలంటారు. అప్పటికే కొంచెం వచ్చిన పిల్లల్ని ముందు వరసలో పెడతారు, రానివాళ్లను వెనక వరసలో చేతులు ఊపమంటారు, లావుగా ఉన్న పిల్లకు చెట్టు వేషం ఇస్తారు. కాస్ట్యూమ్ అద్దె, మేకప్ డబ్బులు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేస్తారు. పాట అయిపోతుంది, వీడియో వస్తుంది. జనవరిలో ఆ పిల్లను ఏం నేర్చుకున్నావని అడగండి. ఆ పాటలో తన వంతు స్టెప్పులు తప్ప ఏమీ ఉండదు. వెనక వరస పిల్ల నేర్చుకునేది ఇంకొకటి కూడా ఉంది: నాట్యం నాకు రాదు అని.

అంతకన్నా వారానికి ఒక పీరియడ్, ఏడాది పొడవునా, ఏ ప్రదర్శనా లేకపోయినా సరే, వెయ్యి రెట్లు మేలు. యాన్యువల్ డేకి ఆ ఏడాది నేర్చుకున్నదే చూపించండి. అడుగులు, హస్తాలు (చేతి ముద్రలు), ఒక చిన్న శ్లోకానికి అభినయం చాలు. మీరు పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట అడగండి. టీచర్‌గా నేను అడిగితే వినని యాజమాన్యం, నలుగురు తల్లులు కలిసి అడిగితే వింటుంది.

బడిలో కళలు నేర్పాలని ప్రభుత్వ నియమం ఏమైనా ఉందా?

కాగితం మీద చాలానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న బడికి కళలకు ఒక పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానం కళల్ని చదువు నుంచి విడదీసి పక్కన పెట్టొద్దని చెప్పింది. అయితే కళల బోధకుడు అంటే ఎక్కువ బడుల్లో బొమ్మలు వేయించే మాస్టారే. నాట్యం దాకా వచ్చేది తక్కువ. కేంద్రీయ విద్యాలయాల్లో కాంట్రాక్టు మీద డ్యాన్స్ కోచ్‌లను తీసుకోవడం ఉంది.

సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు కూచిపూడిని ఒక సబ్జెక్టుగానే తీసుకోవచ్చు, కోడ్ 058. థియరీ కన్నా ప్రాక్టికల్‌కే ఎక్కువ మార్కులు. ఇది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. చెప్పే టీచర్ లేక ఎక్కువ స్కూళ్లు ఇవ్వవు కూడా. మీ పిల్ల ఇప్పటికే నేర్చుకుంటూ ఉంటే స్కూల్లో ఒకసారి అడిగి చూడండి.

కళా ఉత్సవ్ గురించి కూడా అడుగుతుంటారు. అది 2015 నుంచి కేంద్రం నడుపుతున్న పోటీ, 9 నుంచి 12 తరగతుల పిల్లలకు. ఎంట్రీ బడి తరఫున వెళ్తుంది. గెలిచే పిల్లల్లో ఎక్కువమంది బయట గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లే ఉంటారు.

మంచి నాట్య సంస్థను ఎలా గుర్తుపట్టాలి?

బోర్డు మీది బిరుదులు చూడకండి. ఒక సాయంత్రం వెళ్లి, క్లాసు మొదటి నుంచి చివరి దాకా కూర్చోండి. కూర్చోనివ్వకపోతే అక్కడే మీకు జవాబు దొరికినట్టు. చిన్నపిల్లల క్లాసుకు తల్లిదండ్రుల కళ్లకు కనపడకుండా తలుపులు వేయాల్సిన అవసరం ఏ గురువుకీ లేదు.

మొదట నేల చూడండి. ఇది ఎవరూ అడగరు, కానీ నేను మొదట చూసేది ఇదే. కూచిపూడిలో పాదం మొత్తం నేలకు కొట్టాలి, గంటకు వందల సార్లు. గ్రానైట్ మీద, కాంక్రీటు మీద వేసిన టైల్స్ మీద రోజూ అలా కొడితే దెబ్బ మోకాలికి, మడమకు, నడుముకు చేరుతుంది. చెక్క నేల ఉంటే అదృష్టమే. లేకపోతే కనీసం మందమైన మ్యాట్ పరిచారా, క్లాసుకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా వ్యాయామం చేయిస్తున్నారా అని చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య నడిచే క్లాసులు చాలా ఉన్నాయి. గురువు ఎంత మంచివారైనా ఆ నేల పిల్లల మోకాళ్లకు మంచిది కాదు.

తర్వాత చేతిలో ఏముందో చూడండి. తాళం కొట్టే తట్టుకర్ర పట్టుకుని, నోటితో సొల్లుకట్టు (తాళానికి పలికే జతులు) చెబుతూ నేర్పుతున్నారా, ఫోన్‌లో పాట పెట్టి వదిలేస్తున్నారా? రికార్డు పాట ఆగదు. పిల్ల తడబడిన చోట గురువు ఆగుతారు, కాలం (వేగం) తగ్గిస్తారు, అదే అడుగు మళ్లీ చేయిస్తారు. ఒకే అడుగును మూడు కాలాల్లో చేయించాలంటే నోరు, కర్ర ఉండాల్సిందే.

ఇక పెద్ద పిల్లల్ని గమనించండి. మూడేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లలు ఎలా నిలబడుతున్నారు? హస్తాల పేర్లు పతాక, త్రిపతాక, అర్ధపతాక అంటూ అప్పజెప్పడం ఏడాదిలో వచ్చేస్తుంది. ఆ చేతి వెంట కన్ను వెళ్తోందా అన్నది అసలు సంగతి. వెళ్తోందంటే అక్కడ నేర్పుతున్నారు.

చివరగా, మొదటి ఏడాదిలోనే స్టేజీ ఎక్కిస్తామని ఎవరైనా హామీ ఇస్తే ఆలోచించుకోండి.

ఎన్నేళ్ల వయసులో చేర్చాలి?

ఆరు, ఏడు. అంతకు ముందు ఆటపాటలు, తాళం వేయించడం చాలు. పదమూడేళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదు. పెద్ద పిల్లలకు విషయం త్వరగా అర్థమవుతుంది, ఒళ్లు వంగడానికే కొంచెం ఎక్కువ కాలం పడుతుంది.

ప్రైవేటు సంస్థలు కాకుండా ప్రభుత్వ కళాశాలలు లేవా?

ఉన్నాయి, చాలామంది మర్చిపోతారు. హైదరాబాద్ రాంకోఠీలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల, తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత, నృత్య కళాశాల. కూచిపూడి గ్రామంలోనే సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. సర్టిఫికెట్ కోర్సు తర్వాత డిప్లొమా ఉంటుంది. ఫీజు ప్రైవేటుతో పోలిస్తే నామమాత్రం. ఆపై చదవాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్‌లో నాట్యంలో పీజీ ఉంది.

ఇబ్బంది దూరం, టైమింగ్స్. బస్సు మారి వెళ్లే ఓపిక ఉంటే మాత్రం నేను మొదట అటే వెళ్లమంటాను.

బడి ఇచ్చే సర్టిఫికెట్, సంస్థ ఇచ్చే సర్టిఫికెట్: దేనికి విలువ?

పరీక్ష ఎవరు పెట్టారన్నదే ముఖ్యం. ప్రభుత్వ కళాశాల, యూనివర్సిటీ, విద్యా బోర్డు పెట్టిన పరీక్షకు రేపు ఉద్యోగంలోనో పై చదువులోనో ఉపయోగం ఉంటుంది. "పాల్గొన్నందుకు" అని ఇచ్చేవి ఫైల్‌లో దాచుకోవడానికే.

వేలమందితో రికార్డు అంటున్నారు, పాపను పంపమంటున్నారు. పంపాలా?

అన్నీ ఒకటి కావు. 2010 డిసెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో అమెరికా తెలుగు సంస్థ సిలికానాంధ్ర జరిపిన కూచిపూడి సమ్మేళనంలో 2,800 మందికి పైగా నర్తకులు హిందోళ రాగంలోని ఒకే తిల్లానాను (లయ ప్రధానంగా సాగే ఐటమ్) కలిసి చేశారు. దేశదేశాల గురువులు తమ శిష్యులకు నెలల ముందు నుంచి అదే తిల్లానా నేర్పి తీసుకొచ్చారు. అలాంటి చోట వేరే ఊరి పిల్లలతో కలిసి ఒకే లయకు అడుగు వేయడం పిల్లకు మంచి అనుభవమే.

ఇప్పుడు అదే పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు, షీల్డు ఫీజు, ఫొటో ఫీజు అంటూ నెలనెలా జరిగేవి వేరు. ఎండలో నాలుగు గంటలు పూర్తి ఆహార్యంతో, అంటే నాట్య వేషంతో నిలబెట్టి, ఐదు నిమిషాలు ఆడించి పంపేస్తారు. మంచినీళ్లు, నీడ, బాత్రూమ్ ఉన్నాయా అని ముందే అడగండి. లేవంటే వద్దని చెప్పేయండి. గురువుగారు ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి.

మా అబ్బాయి నేర్చుకుంటానంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు.

పెద్దవాళ్లకు ఒక్క విషయం చెప్పండి. 17వ శతాబ్దంలో, కూచిపూడికి మూలపురుషుడిగా చెప్పుకునే సిద్ధేంద్రయోగి కాలం నుంచి కూచిపూడి మేళాల్లో (ఊరూరా తిరిగే నాట్య బృందాల్లో) ఆడినవాళ్లంతా మగవాళ్లే. సత్యభామ వేషం కూడా వాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదకు వస్తుంటే చూసిన పెద్దవాళ్లు ఆ నడక గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడపిల్లలకు నేర్పడం గట్టిగా మొదలైంది 20వ శతాబ్దంలోనే, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి గురువుల వల్ల. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఊరి మేళాల విద్య నగరాల్లో క్లాసు రూపం తీసుకుంది. ఇవాళ మా సాయంత్రం క్లాసులో అబ్బాయిలు ఒకరిద్దరు కూడా ఉండటం లేదు, అది నాకు నిజంగా బాధ.

ఈ విషయంలో బడి చేయగలిగింది చాలా ఉంది. బడి పీరియడ్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి అడుగులు వేస్తే ఎవరూ ఎవర్నీ ఎగతాళి చేయరు, ఎందుకంటే అందరూ చేస్తున్నారు. కొన్ని స్కూళ్లలో అమ్మాయిలకు డ్యాన్స్, అబ్బాయిలకు కరాటే అని ముందే విడదీసేస్తారు. దయచేసి అలా చేయకండి. తెలంగాణలో అయితే పేరిణి ఉంది. కాకతీయుల కాలం నాటి జాయపసేనాని రాసిన నృత్త రత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగా నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టిన ఆ తాండవం అబ్బాయిలకు భలే నచ్చుతుంది.

ఫీజులు, రంగప్రవేశం ఖర్చు భరించగలమా?

నెల ఫీజు ఊరిని బట్టి, గురువును బట్టి ఉంటుంది. భయపెట్టేది అది కాదు. పట్టు ఆహార్యం, టెంపుల్ సెట్ నగలు, మేకప్, హాలు, లైవ్ ఆర్కెస్ట్రా, కార్డులు, భోజనాలు కలిపితే రంగప్రవేశం, అంటే పిల్ల చేసే మొదటి పూర్తి ప్రదర్శన, ఒక చిన్న పెళ్లి ఖర్చు అవుతోంది. అంత అక్కర్లేదు. గుళ్లో గజ్జెపూజ చేసుకుని, నలుగురు పెద్దల ముందు శబ్దం, కీర్తన, తరంగం అనే మూడు ఐటమ్‌లు చేస్తే అది రంగప్రవేశం కాకుండా పోదు. ఆరేడేళ్ల అభ్యాసం లేకుండా ఎంత ఖర్చు పెట్టినా లాభమూ లేదు.

స్కాలర్‌షిప్ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) 1982 నుంచి ఇస్తోంది. 10 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు ఉన్న బడిలో చదువుతూ ఉండాలి, గురువు దగ్గర నేర్చుకుంటూ ఉండాలి. హైదరాబాద్ మాదాపూర్‌లో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. బడి టీచర్లకు నా విన్నపం: మీ క్లాసులో చేవ ఉన్న పిల్ల కనిపిస్తే ఈ ఫారం మీరే నింపించండి. దగ్గర్లోని గురువుకు ఫోన్ చేసి ఫీజు లేకుండా తీసుకోమని అడగండి. చాలామంది గురువులు కాదనరు. అడిగేవాళ్లే ఉండరు.

తొమ్మిదో తరగతికి వచ్చింది. మాన్పించేయాలా?

ప్రతి ఏడాదీ మంచి పిల్లల్ని ఇక్కడే పోగొట్టుకుంటున్నాం. ఎనిమిదేళ్లు నేర్చుకున్న పిల్ల, అభినయం అప్పుడప్పుడే అర్థమవుతున్న వయసు, పదో తరగతి పేరుతో ఆపేస్తుంది. తర్వాత ఇంటర్, తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్. తిరిగి రాదు.

పూర్తిగా ఆపకండి. వారానికి ఒక గంటకు తగ్గించండి. కొత్త ఐటమ్ వద్దు, ప్రదర్శన వద్దు, వచ్చినవి మర్చిపోకుండా చేసుకుంటే చాలు. గురువుతో ముందే మాట్లాడండి. "రెండేళ్లు ఇలాగే వస్తుంది, ఆపైన చూద్దాం" అంటే అర్థం చేసుకోని గురువు తక్కువ. రోజంతా కుర్చీలో కూర్చునే పిల్లకు ఆ ఒక్క గంటా ఒంటికీ మనసుకూ అవసరం.

సినిమా పాటలకు డ్యాన్స్ నేర్పే చోట చేర్చొచ్చా?

చేర్చొచ్చు. పిల్లలు సంతోషంగా కదలడం మంచిదే. కూచిపూడి నేర్పుతున్నామని చెప్పి సినిమా పాటలు నేర్పితేనే అభ్యంతరం.

మేం విదేశంలో ఉన్నాం. ఇక్కడి బడిలో డ్యాన్స్ ఉంది, వీకెండ్‌లో కూచిపూడి క్లాసు ఉంది. రెండూ కావాలా?

రెండూ ఉంచండి. ఇంగ్లండ్‌లో నాట్యం వ్యాయామ విద్యలో భాగంగా పాఠ్యప్రణాళికలోనే ఉంది. అమెరికాలో 2014 కళా ప్రమాణాల్లో సంగీతం, నాటకంతో పాటు నాట్యానికీ చోటుంది. అక్కడి బడిలో పిల్లలు సొంతంగా కదలికలు కూర్చడం, తోటివాళ్లు చేసినదాని గురించి మాట్లాడటం నేర్చుకుంటారు. ఇది మన సంస్థల్లో తక్కువ. మన దగ్గర గురువు చేసింది చేసినట్టు చేయడమే ఎక్కువ. అక్కడి బడి అలవాటున్న పిల్ల వీకెండ్ క్లాసులో "ఈ హస్తం ఇక్కడ ఎందుకు?" అని అడిగితే గురువులు విసుక్కోకూడదు.

ఒక్క జాగ్రత్త. తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలకు వరసగా ఐటమ్‌లు తయారు చేస్తూ పోతే వీకెండ్ క్లాసు కూడా యాన్యువల్ డే అయిపోతుంది. ఏడాదికి ఒకటి, రెండు చాలు. కీర్తనలో మాటలకు అర్థం తెలియకపోతే అభినయం మొహం మీదే ఆగిపోతుంది కాబట్టి తెలుగు తరగతి కూడా మానిపించకండి.

మాది చిన్న ఊరు. కూచిపూడి గురువు లేరు, బడిలో డ్యాన్స్ టీచర్ లేరు.

మీ ఊళ్లో కోలాటం ఉందా? చాలా ఊళ్లలో భజన మండలి ఉంటుంది. కోలాటం గురువు వచ్చి కొన్ని వారాలు ఉండి, సాయంత్రాలు రామాలయం ముందు కోపులు (కోలాటం అడుగుల వరసలు) నేర్పి వెళ్తారు. అదీ నాట్య సంస్థే. బోర్డు ఉండదు, అంతే. ఉద్దులుగా, అంటే జోడీలుగా నిలబడి, ఎదుటివాళ్ల కర్రకు తన కర్ర తగిలించి, తిరిగి, పక్కవాళ్లతో కలవాలి. ఒకరు తాళం తప్పితే వలయమంతా తప్పుతుంది. జడకోలాటంలో అయితే తాళ్లు చిక్కుపడిపోతాయి, మళ్లీ వెనక్కి ఆడుతూ విప్పాలి. లయ, జ్ఞాపకం, ఇతరుల్ని గమనించడం, అన్నీ అందులోనే ఉన్నాయి. అరకు వైపు ధింసా, ఆదిలాబాద్ వైపు గుస్సాడీ, శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్లు. ఎక్కడికక్కడ ఊరి నాట్యం ఉంది.

హెడ్మాస్టర్ గారిని కలిసి, ఆ కోలాటం గురువును వారానికి ఒక రోజు బడికి పిలవమని అడగండి. పిల్లకో జత కర్రలు, ఒక డోలక్, తాళాలు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇంట్లో కోలాటం ఆడే అత్తలు, పిన్నులు ఉంటే వాళ్లను కూడా రమ్మనండి. చాలామందికి ఆ బడిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి అవుతుంది.